వెంట నీళ్ళు: బళ్ళారి సీమలో తోలుతిత్తి నుంచి స్టీలు సీసా దాకా

బళ్ళారి జిల్లా చరిత్ర రాసినవారు చెరువులను గురించీ, కాలువలను గురించీ, కరువులను గురించీ విస్తారంగానే రాశారు. 1872లో వెలువడిన జాన్ కెల్సాల్ జిల్లా మాన్యువల్‌లో గాని, 1904లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ కూర్చిన గెజెటియర్‌లో గాని నీటి వనరుల ప్రస్తావన లేకుండా ఆ సీమను వర్ణించడం సాధ్యం కాలేదు. అయితే ఊరి బావికీ మనిషి గొంతుకూ మధ్య ఇంకొక మజిలీ ఉంది. పొలానికి, సంతకు, గనికి, బడికి, రైలుకు పోయే మనిషి వెంట తీసుకుపోయే నీళ్ళు అవి. ఆ నీళ్ళను పట్టిన పాత్రను గురించి ఈ వ్యాసంలో ముచ్చటించదలచాము.

నేడు బళ్ళారి బస్టాండులో గాని, బళ్ళారి నుంచి గుంతకల్లు పోయే రైలు పెట్టెలో గాని ప్రయాణికుల సంచుల పక్క అరల్లో రెండు గోడల స్టీలు నీళ్ళ సీసా తరచుగా కనిపిస్తుంది. బడిపిల్లలకూ, ఆఫీసు ఉద్యోగులకూ, లారీ డ్రైవర్లకూ అది నిత్యావసర వస్తువయింది. చరిత్ర పాఠానికి ఇది చాలా చిన్న వస్తువని విద్యార్థులకు అనిపించవచ్చు. కాని ఎవరి నీళ్ళు ఎవరు తాగవచ్చు, ఎవరి పాత్రను ఎవరు తాకవచ్చు అన్న ప్రశ్నలకు ప్రతి కాలపు పాత్రా ఏదో ఒక జవాబు చెబుతూ వచ్చింది. ఆ జవాబుల వరసను చూడడమే మా ఉద్దేశం.

సీమ, సరిహద్దు, నీరు

బళ్ళారి 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దఖలు పడిన దత్తమండలాల్లో భాగం. థామస్ మన్రో 1800 నుంచి 1807 వరకు ఆ మండలాలకు ప్రధాన కలెక్టరు. 1882లో బళ్ళారి జిల్లాను చీల్చి అనంతపురం జిల్లాను ఏర్పరిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి వచ్చాయి. మిగిలిన జిల్లా మైసూరు రాష్ట్రానికి పోయింది. బళ్ళారి తాలూకా ఎటు పోవాలన్నది ఆనాడు పెద్ద వివాదం. జస్టిస్ వాంఛూ నివేదిక తరువాత, ఆ ఒక్క తాలూకా సంగతి విచారించడానికి జస్టిస్ మిశ్రాను ప్రత్యేకంగా నియమించవలసి వచ్చింది. 2014 నవంబరు 1 నుంచి ఇంగ్లీషులో కూడా ఊరి పేరు బళ్ళారి అయింది. 2021లో హోసపేట కేంద్రంగా విజయనగర జిల్లా విడిపోయింది. హంపీ, తుంగభద్ర ఆనకట్ట ఇప్పుడు ఆ కొత్త జిల్లాలో ఉన్నాయి.

రేఖలు ఎన్నిసార్లు మారినా వాన తీరు మారలేదు. పడమటి కనుమల చాటున పడిన ఈ నేలకు ఏటా కురిసే వాన సుమారు 500 మిల్లీమీటర్లు. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలు. 1876-78 నాటి మహా క్షామంలో మద్రాసు రాజధానిలో అతి దారుణంగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్ళారి ఒకటి. నీళ్ళు లేకపోవడం ఎంత ప్రమాదమో, చెడ్డ నీళ్ళు ఉండడం అంత ప్రమాదం. గవర్నరు హోదాలో మళ్ళీ ఈ ప్రాంతానికి వచ్చిన మన్రో 1827 జులైలో నేటి కర్నూలు జిల్లాలోని పత్తికొండ వద్ద కలరాతోనే మరణించాడు. కలరా నీళ్ళ ద్వారా వ్యాపిస్తుందని లండనులో జాన్ స్నో చూపించడానికి ఇంకా 27 ఏళ్ళు పట్టింది.

తుంగభద్ర ఆనకట్టకు 1945లో శంకుస్థాపన జరిగింది. 1953లో నీరు కాలువలకు వచ్చింది. దిగువ కాలువ, ఎగువ కాలువ రెండూ బళ్ళారి ప్రాంతం మీదుగా పోయి, ఒకటి కర్నూలు వైపుకూ, ఇంకొకటి అనంతపురం వైపుకూ నీరు చేరుస్తాయి. 1953లో రాష్ట్రాలు వేరయ్యాయి గాని కాలువలు వేరు కాలేదు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి రైతులు వచ్చి సిరుగుప్ప, కంప్లి, గంగావతి, సింధనూరు ప్రాంతాల్లో ‘క్యాంపులు’ కట్టుకుని స్థిరపడింది తుంగభద్ర కాలువల కిందనే. ఈ వ్యాసం చదివే విద్యార్థుల్లో కొందరి తాత ముత్తాతలు అలా వచ్చినవారే అయి ఉండవచ్చు. 2024 ఆగస్టు 10 రాత్రి ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు నదికి అడ్డులేకుండా పారిన నీటిని చూసి రెండు రాష్ట్రాల రైతులూ ఒకే రకంగా కలవరపడ్డారు.

మట్టి, తోలు, బుర్ర

లోహం సామాన్యుడికి అందుబాటులోకి రాకముందు వెంట నీళ్ళకు మూడు సాధనాలుండేవి. ఒకటి ఎండిన సొరకాయ బుర్ర. లోపలి గుజ్జు తీసి, మూతికి తాడు కట్టి భుజాన వేసుకునేవారు. తేలిక, పగిలినా పెద్ద నష్టం లేదు. రెండవది మట్టి బుంగ లేక కూజా. మూడవది తోలుతిత్తి.

మట్టిపాత్ర చేసే పని ఎటువంటిదో విద్యార్థులు స్పష్టంగా తెలుసుకోవాలి. దాని గోడలోని సన్నని రంధ్రాల గుండా కొంత నీరు బయటికి ఊరి ఆవిరవుతుంది. ఆవిరయ్యే నీరు లోపలి నీటి నుంచి వేడిని లాక్కుంటుంది. 20 గ్రాముల నీరు ఆవిరయితే, బయటి వేడి లోనికి రాదనుకున్న లెక్కలో, ఒక లీటరు నీరు సుమారు 11 డిగ్రీలు చల్లబడుతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే ఈ పని అంత బాగా సాగుతుంది. అందుకే కోస్తా ఉక్కపోతలో అంతంతమాత్రంగా చల్లబడే కుండ, బళ్ళారి పొడి గాలిలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. లారీల ముందు, జీపుల పక్కన వేలాడదీసే క్యాన్వాసు నీళ్ళ సంచీ కూడా ఇదే సూత్రం మీద పనిచేసేది. అంటే ఇవన్నీ నీటిని తామే చల్లబరుస్తాయి. ఇందుకు భిన్నంగా, మనం చూడబోయే రెండు గోడల సీసా చల్లదనాన్ని పుట్టించలేదు. పోసిన చల్లదనాన్ని కొంతసేపు కాపాడగలదు. కనుక దాని వెనుక ఒక కుండో, ఫ్రిజ్జో, ఐసుగడ్డో ఉండి తీరాలి.

తోలు సంగతి వేరు. బళ్ళారి కంటోన్మెంటు వంటి పటాల స్థావరాల్లో తోలుసంచులతో నీళ్ళు మోసే బిస్తీలుండేవారు. స్వర్గవాసి అనే అర్థమున్న పారశీక పదం నుంచి వచ్చిన మాట ఇది. దాహం తీర్చేవాడికి తగిన పేరే. పల్లెల్లో తోలు ముఖ్యంగా కపిల బానకు ఉపయోగపడేది. ఎద్దులు లాగే ఆ తోలుబాన బావి నీటిని పొలానికి ఎత్తిపోసేది. కన్నడంలో దీనిని ‘కపిలె’ అంటారు. రెండు భాషల రైతులకూ ఒకే యంత్రం, దాదాపు ఒకే మాట. ఆ బానను కుట్టినవారు మాదిగలు. వారు కుట్టిన బానతో పైకి వచ్చిన నీరు ఊరందరి పంటలకూ పారింది గాని, ఊరి మంచినీళ్ళ బావిలో చేద వేసే హక్కు వారికి లేకపోయింది. మరొకరు తోడి పైనుంచి పోస్తే దోసిలిపట్టి తాగవలసి వచ్చేది. ఆ కాలపు పాత్ర చెప్పిన జవాబు ఇది.

చెంబు, మరచెంబు

‘చెంబు’ అన్న మాటకు మూలార్థం రాగి. తమిళంలో ‘సెంబు’ ఇప్పటికీ రాగి లోహానికి పేరు. ఎరుపును తెలిపే ద్రావిడ ధాతువు నుంచి పుట్టిన మాట ఇది. తెలుగులో రాగికి ‘రాగి’ అన్న మాట స్థిరపడి, ‘చెంబు’ పాత్రకే మిగిలింది. కన్నడంలో చెంబు అనే మాటతో పాటు ‘తంబిగె’ అనే మాట కూడా వాడుకలో ఉంది. దానిని సంస్కృత ‘తామ్ర’ శబ్దంతో ముడిపెడతారు. అదీ రాగే. అంటే బళ్ళారి ఇంట్లో తెలుగు ఆమె చెంబు అన్నా, కన్నడ ఆమె తంబిగె అన్నా, ఒకరు ద్రావిడ మూలం నుంచి, ఒకరు ఆర్య మూలం నుంచి రాగినే స్మరిస్తున్నారు. చేతిలో ఉన్నది ఇత్తడి కావచ్చు, స్టీలు కావచ్చు.

ఈ ధోరణి ఒక్క చెంబుతో ఆగలేదు. ‘సీసా’ పారశీక ‘షీషా’ నుంచి వచ్చింది. అర్థం గాజు. కన్నడంలో అది ‘శీశె’ అయింది. ‘గ్లాసు’ ఇంగ్లీషు నుంచి వచ్చింది. అర్థం గాజే. అయినా మనం ‘స్టీలు గ్లాసు’ అంటాం, ‘వెండి గ్లాసు’ అంటాం, ‘ప్లాస్టిక్ సీసా’ అంటాం. వీటిలో ఎవరికీ వైరుధ్యం కనిపించదు. లోహం మారినప్పుడల్లా పేరు మార్చకుండా, పాత పేరునే కొత్త పదార్థానికి తొడగడం మన వాడుకలో తరచుగా కనిపించే లక్షణం. పాత్రల పేర్లు ఒకప్పుడు అవి దేనితో తయారయ్యేవో చెప్పే సాక్ష్యాలు. తవ్వకాల్లో దొరికే పెంకుల వలెనే వీటినీ వరస పెట్టి చదువుకోవచ్చు.

రైలు వచ్చిన తరువాత వెంట నీళ్ళ అవసరం ఎన్నో రెట్లు పెరిగింది. గుంతకల్లు పెద్ద కూడలి అయింది. బళ్ళారి మీదుగా హుబ్బళ్ళి వైపు పోయే దారి ఏర్పడింది. ఇంగ్లీషు పాలన కాలంలో రైల్వే స్టేషన్లలో హిందువులకు వేరుగా, ముస్లిములకు వేరుగా నీళ్ళు పోసే ఏర్పాటు ఉండేది. ఆ నీళ్ళూ ముట్టని ఆచారపరులకు మరచెంబు సాధనమయింది. ‘మర’ అంటే ఇక్కడ తిరుగుడు చుట్టు. ‘మరమేకు’లోని మర ఇదే. ఇత్తడి లేక రాగి చెంబుకు మరలున్న మూత బిగించి, పైన పట్టుకోవడానికి కాడ అమర్చేవారు. నీరు ఒలకదు, ఎవరి చేయీ లోపల పడదు. ఇంటి మడినీళ్ళు ఇంటివాడితో పాటు మదరాసు దాకా పోగలిగేవి.

మరచెంబు మన పనివాళ్ళ నేర్పుకు మంచి ఉదాహరణ. పరభాష అవసరం లేకుండా మన పదాలతోనే కొత్త వస్తువుకు పేరు పెట్టుకోగలిగామనడానికీ ఉదాహరణ. కాని దాని వెనుక ఉన్న భయాన్ని కూడా గుర్తించాలి. నీళ్ళు ఒలుకుతాయన్న భయం కొంతయితే, నీళ్ళు అంటుపడతాయన్న భయం కొంత. వెంట నీళ్ళ పాత్రకు గట్టి మూత రావడానికి రెండూ కారణాలే.

ఫ్లాస్కు

రెండు గోడల పాత్ర పుట్టింది ప్రయోగశాలలో. లండను రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పనిచేసిన జేమ్స్ డ్యూవార్, అతి శీతల ద్రవవాయువులను నిలవ ఉంచడానికి 1892లో దీనిని రూపొందించాడు. ఒక గాజు సీసాలో ఇంకొక గాజు సీసా పెట్టి, రెంటి మధ్య గాలి తీసివేస్తే వేడి ఆ శూన్యాన్ని దాటలేదు. లోపలి గాజుకు వెండి పూత పూస్తే కిరణాల రూపంలో పోయే వేడి కూడా వెనక్కి మళ్ళుతుంది. డ్యూవార్ దీనికి పేటెంటు తీసుకోలేదు. జర్మనీలో రైన్‌హోల్డ్ బర్గర్ అనే గాజు పనివాడు దీనిని ఇంటి వస్తువుగా మలిచాడు. 1904లో థెర్మాస్ అనే గ్రీకు మూలపు పేరుతో కంపెనీ వెలసింది. డ్యూవార్ కోర్టుకెక్కినా ఓడిపోయాడు.

మన దేశంలో ఈగిల్ వంటి కంపెనీల గాజు ఫ్లాస్కులు ఇరవయ్యో శతాబ్దపు రెండవ భాగంలో మధ్యతరగతి ఇళ్ళకు చేరాయి. బళ్ళారిలోనూ, ఆదోనిలోనూ, అనంతపురంలోనూ ఫ్లాస్కు ఇంట్లో అరుదుగా దిగే వస్తువు. ఆసుపత్రిలో ఉన్న బంధువుకు పాలో కాఫీయో పట్టుకుపోవడానికి, పసిపిల్లతో ప్రయాణం చేసేటప్పుడు వేడినీళ్ళకు దానిని బయటికి తీసేవారు. కిందపడితే లోపలి గాజు ఒక్కసారిగా పగిలేది. ఇరుగు పొరుగు ఎరువడిగితే జాగ్రత్తలు చెప్పి మరీ ఇచ్చేవారు. కనుక ఫ్లాస్కు అన్న మాటకు వేడి, కాఫీ, ఆసుపత్రి అన్న సాహచర్యాలు అంటుకున్నాయి. అదే నిర్మాణమున్న వస్తువు స్టీలుతో వచ్చి చల్లని నీళ్ళు మోయడం మొదలుపెట్టినప్పుడు జనం దానిని ఫ్లాస్కు అనలేదు, ‘బాటిలు’ అన్నారు. పేరు నిర్మాణాన్ని బట్టి కాక వాడకాన్ని బట్టి పడింది. ఇప్పటికీ ఒకే వస్తువులో కాఫీ పోస్తే ఫ్లాస్కు, నీళ్ళు పోస్తే బాటిలు.

ఉక్కు, స్టీలు

ఉక్కు ఈ సరిహద్దు సీమకు కొత్త కాదు. ‘ఉక్కు’ అన్న మాట తెలుగు, కన్నడాలకు ఉమ్మడి. దక్షిణాదిన మూసల్లో కాచిన మేలిమి ఉక్కుకు ఐరోపాలో ‘వూట్జ్’ అన్న పేరు వచ్చింది. 1795లో జార్జ్ పియర్సన్ రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంతో ఆ మాట ఇంగ్లీషులో ప్రచారంలోకి వచ్చింది. అది ‘ఉక్కు’కు వికృతి అన్నది ఎక్కువమంది అంగీకరించే వివరణ. తెలంగాణలోని కోనసముద్రం వంటి ఊళ్ళు ఆ ఉక్కుకు ప్రసిద్ధి పొందాయి.

తుప్పు పట్టని ఉక్కు మాత్రం ఇరవయ్యో శతాబ్దపు సంతానం. 1912-13 సంవత్సరాల్లో జర్మనీలో క్రుప్ కంపెనీవారూ, ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ వేరువేరుగా దీనిని సాధించారు. ఇనుములో తగినంత క్రోమియం కలిపితే పైన కంటికి కనిపించని పొర ఏర్పడి తుప్పును అడ్డుకుంటుంది. 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెలు ఉన్న రకం వంటపాత్రలకు అనువైనదని తేలింది. నీళ్ళ సీసాల మీద కనిపించే 304 అన్న అంకె ఈ రకానిదే. అమెరికాలో విలియం స్టాన్లీ 1913లోనే గాజు లేకుండా ఉక్కుతో శూన్యపు సీసా చేశాడు. జపానులో 1978లో నిప్పన్ సాన్సో కంపెనీ తేలికైన స్టెయిన్‌లెస్ స్టీలు సీసాను తెచ్చింది. నేడు మన చేతుల్లో ఉన్నది ఆ కుదురుకు చెందినదే.

మన ఇళ్ళలో స్టీలు సామాను 1960ల తరువాత మెల్లగా ఇత్తడిని వెనక్కి నెట్టింది. ఇత్తడికి కళాయి వేయించాలి, చింతపండుతో తోమాలి. స్టీలుకు ఆ బాధ లేదు. పాత చీరలు, ప్యాంట్లు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చేవారు వీధి వీధికీ వచ్చేవారు. పెళ్ళిళ్ళలో స్టీలు బిందెలు, చెంబులు సారెగా వెళ్ళాయి. అంగట్లోనే వాటిమీద పేర్లు కొట్టించేవారు. ఎవరు ఎవరికిచ్చారు, ఏ తేదీన ఇచ్చారు అన్నవి చుక్కల అక్షరాలతో ఉంటాయి. సరిహద్దు జిల్లాల్లో ఈ పేర్లు కొన్ని తెలుగు లిపిలో, కొన్ని కన్నడ లిపిలో ఉండడం సహజం. ఒకే ఇంట్లో అత్తగారి బిందె మీద ఒక లిపి, కోడలి బిందె మీద ఇంకొక లిపి ఉంటే ఆ ఇంటి భాషాచరిత్రలో ఒక తరం మార్పు అక్కడ నమోదయినట్టే. వీటిని ఇంటి శాసనాలుగా పరిగణించి సేకరించవలసిందని మా విద్యార్థులకు మేము చెబుతూ ఉంటాము.

ఒక విషయం ఇక్కడ గమనించదగ్గది. బళ్ళారి, సండూరు కొండలు దేశానికి ఇనుప ఖనిజాన్ని ఇచ్చాయి. దోణిమలై గని 1977లో మొదలైంది. తోరణగల్లులో పెద్ద ఉక్కు కర్మాగారం వెలసింది. 2011 జులైలో సుప్రీం కోర్టు బళ్ళారి జిల్లాలో గనుల తవ్వకాన్ని నిలిపివేసే నాటికి ఎర్రదుమ్ము రోడ్లమీదా, పొలాలమీదా, మనుషుల ఊపిరితిత్తుల్లోనూ పేరుకుంది. ఆ దుమ్ములో లారీ నడిపినవాడికి మూత గట్టిగా ఉన్న నీళ్ళ సీసా విలాసం కాదు. కాని ఆ సీసాకు కావలసిన లోహం ఒక్క ఇనుముతో కాదు. మన దేశపు క్రోమైటులో అధికభాగం ఒడిశాలోని సుకింద లోయది. నికెలును చాలావరకు విదేశాల నుంచి తెచ్చుకుంటున్నాము.

సీసా నిత్య వాడుక

స్టీలు సీసా పనితనం గురించి నాలుగు మాటలు చెప్పాలి. రెండు స్టీలు గోడల మధ్య గాలి లేదు గనుక గోడల గుండా వేడి రావడం చాలా తక్కువ. వచ్చేదంతా ఎక్కువగా మెడ గుండా, మూత గుండా వస్తుంది. అందుకే మాటిమాటికీ మూత తీస్తే చల్లదనం తొందరగా పోతుంది. సగం నింపిన సీసా కంటే నిండు సీసా ఎక్కువసేపు నిలుపుతుంది. కిందపడి సొట్టపోయి గోడలు ఒకదానికొకటి ఆనినా, అతుకు విడిచి గాలి చొరబడినా అది మామూలు స్టీలు చెంబుతో సమానం. ఎండలో బయటి గోడ కాలుతుంటే కాలవచ్చు గాని, చల్లని నీళ్ళు పోసినప్పుడు బయట చెమట పట్టిందంటే శూన్యం పోయిందని గుర్తు. మూతలోని రబ్బరు చుట్టును విడిగా తీసి కడగకపోతే వాసన పడుతుంది. పాలు, మజ్జిగ గంటల తరబడి అందులో ఉంచకూడదు. గోరువెచ్చని స్థితిని నిలిపే పాత్ర క్రిములకూ అనుకూలమే. ఇటువంటి సీసాలకు భారతీయ ప్రమాణాల సంస్థ ముద్రను తప్పనిసరి చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2023లో ఉత్తర్వులిచ్చింది.

సీసా నీటిని చల్లగా ఉంచుతుంది, శుద్ధి చేయదు. బళ్ళారి, అనంతపురం ప్రాంతాల భూగర్భజలాల్లో ఫ్లోరైడు ఉన్న ఊళ్ళు చాలా ఉన్నాయి. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీరు లేనప్పుడు 1.5 దాకా సహించవచ్చని భారతీయ ప్రమాణం. మరిగించినా ఫ్లోరైడు పోదు. మెరిసే సీసాలో పోసినంత మాత్రాన బోరునీరు మంచినీరు కాదు. ఇందుకే ఊళ్ళలో శుద్ధనీటి కేంద్రాలు వెలిశాయి. క్యాను నీళ్ళు ఇంటికి, అందులోంచి సీసా నీళ్ళు పనికి అన్న కొత్త వరస ఏర్పడింది. కాలువ నీరు, చెరువు నీరు తాగే పట్నవాసి పరిస్థితి కొంత మెరుగు.

1965లో బొంబాయిలో బిస్లెరీ నీళ్ళు అమ్మకానికి వచ్చినప్పుడు నీళ్ళు కొనడం వింతగా ఉండేది. 1990ల తరువాత అది అలవాటయింది. స్టీలు సీసా ఆ అలవాటుకు ఎదురు నడక. కొన్న ప్లాస్టిక్ సీసాను ఒకసారి తాగి పారేస్తాము. స్టీలు సీసాను రోజూ కడిగి నింపుకుంటాము. ఇంటి నీళ్ళు వెంట పట్టుకుపోయే మరచెంబు అలవాటు, మడి లేకుండా, తిరిగి వచ్చిందన్నమాట.

2019లో కేరళ బడుల్లో పిల్లలు నీళ్ళు తాగడానికి ప్రత్యేకంగా గంట కొట్టే పద్ధతి మొదలయింది. అదే ఏడు చివర కర్ణాటక విద్యాశాఖ కూడా ఆ పద్ధతిని చేపట్టింది. గంట కొట్టగానే ఎవరి సీసా వారు తీసుకుని తాగుతారు. ఈ దృశ్యాన్ని ఒక తరం వెనక్కి పోయి చూడండి. బడిలో కుండ ఒకటే ఉండేది. కుండ దగ్గర గ్లాసు ఒకటే ఉండేది. దానిని ఎవరు ముట్టుకోవాలి, ఎవరు దోసిలి పట్టాలి అన్నది పిల్లలకు పాఠ్యపుస్తకం కంటే ముందే తెలిసేది. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణం బావులు, చెరువుల వాడకంలో వివక్షను నిషేధించింది. 1955లో దానికి శిక్షాచట్టం వచ్చింది. అయినా హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి ఆ తరువాతా చాలాకాలం సాగింది. ఈ సందర్భంలో సొంత సీసా చేసిన మేలు చిన్నది కాదు. దళిత బాలిక తన నీళ్ళు తాను, ఎవరినీ అడగకుండా, తల ఎత్తి తాగగలిగింది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఎవరి సీసా వారిదయినప్పుడు అంటు పాటించేవాడికి కూడా సౌకర్యమే. ఇచ్చిపుచ్చుకోవలసిన అవసరం లేదు గనుక, ఇవ్వనని చెప్పవలసిన అవసరమూ రాదు. శుభ్రత అన్న పేరు పెడితే ఎవరూ తప్పు పట్టరు. గ్లాసు దగ్గర కళ్ళకు కనిపించిన వివక్ష సీసాల మధ్య కనిపించకుండా పోవచ్చు. అది పోయిందో, దాక్కుందో తెలుసుకోవాలంటే, సీసా తెచ్చుకోని పిల్లవాడికి పక్కవాడు తన సీసా అందిస్తాడా లేదా అన్నది చూడాలి. అధ్యాపక వృత్తిలోకి పోయే విద్యార్థులు దీనిని గుర్తుంచుకోవాలని మా మనవి.

చలివేంద్రం, అరవట్టిగె

వెంట పాత్ర లేనివాడి కోసం మన సమాజం చేసిన ఏర్పాటు చలివేంద్రం, చలిపందిరి. కావ్యాల్లో ‘ప్రప’ అనీ, అక్కడ నీళ్ళు పోసే ఆమెను ‘ప్రపాపాలిక’ అనీ అన్నారు. కన్నడంలో ‘అరవట్టిగె’. ఈ రెండు దేశ్యపదాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక భేదం కనిపిస్తుంది. తెలుగు మాటలో ముందు వినబడేది చలి, అంటే చల్లదనం. కన్నడ మాటలోని మొదటి భాగాన్ని ధర్మం అనే అర్థమున్న ద్రావిడ ‘అఱ’తో ముడిపెట్టే వివరణ ఉంది. తమిళంలో ‘అఱం’ అదే. ఒకరు ఇచ్చే వస్తువును బట్టి, ఇంకొకరు ఇచ్చే బుద్ధిని బట్టి పేరు పెట్టుకున్నారు. సరిహద్దు ఊళ్ళో ఒకే తాటాకు పందిరికి రెండు పేర్లూ చెల్లుతాయి.

చలివేంద్రంలోనూ కులం పాటించిన చోట్లు ఉండేవి. దాన్ని గతవైభవంగా కీర్తించడం మా ఉద్దేశం కాదు. కాని అపరిచితుడి దాహం మన బాధ్యత అన్న భావం ఆ పందిరిలో ఉంది. చేతిలో సీసా ఉన్నవారి సంఖ్య పెరిగిన కొద్దీ ఆ బాధ్యత ఎవరిదీ కాకుండా పోయే ప్రమాదం ఉంది. మేలో బళ్ళారి వీధుల్లో మూటలు మోసే హమాలీకి, మిరప కోతకు వచ్చిన కూలి మనిషికి, జీన్స్ కుట్టే కార్ఖానా నుంచి నడిచి ఇంటికి పోయే ఆమెకు సీసా ఉండవచ్చు, లేకపోవచ్చు. ఉన్నా మధ్యాహ్నానికి అయిపోతుంది. మళ్ళీ నింపుకునే కొళాయి దారిలో లేకపోతే ఖాళీ సీసా బరువే. బడిలో కొళాయి వేయవలసినవారు పిల్లలు సీసాలు తెచ్చుకుంటున్నారు కదా అని ఊరుకుంటే, తప్పు సీసాది కాదు గాని నష్టం పిల్లలది. వేసవిలో పురపాలక సంఘాలూ, స్వచ్ఛంద సంస్థలూ పెట్టే చలివేంద్రాలు తగ్గకుండా చూడడం, వాటి పక్కన సీసాలు నింపుకునే వీలు కల్పించడం నేడు చేయదగ్గ పని.

విద్యార్థులకు సూచన

తెలుగునేలకు వెలుపల చదువుకునే మా విద్యార్థులు ఈ విషయం మీద సొంతంగా చేయగల పని చాలా ఉంది. ముందుగా ఇంట్లోని నీళ్ళ పాత్రల పేర్లన్నీ రాసుకోండి. బుంగ, బుడ్డి, ముంత, గిండి, చెంబు, కూజా, బిందె, కడవ అనే మాటల్లో మీ ఇంట్లో ఎన్ని వాడుకలో ఉన్నాయో, అమ్మమ్మకు తెలిసి మీకు తెలియనివి ఎన్నో గుర్తించండి. కన్నడం, ఉర్దూ మాట్లాడే ఇరుగుపొరుగువారిని అదే అడగండి. తెలుగులో ‘నీళ్ళు’ బహువచనం, కన్నడంలో ‘నీరు’ ఏకవచనం. మనవారు ‘నీళ్ళు అయిపోయాయి’ అంటారు. రెండు భాషలూ మాట్లాడే ఇంట్లో ఈ భేదం నిలిచి ఉందో, ఒకదాని మీద ఇంకొకటి ప్రభావం చూపిందో వినండి. ‘బాటిలు’ అంటున్నారో, కన్నడపు ‘బాటలి’ అంటున్నారో కూడా రాసుకోండి. ‘సీసా’ అన్న మాట నూనెకూ, మందుకూ, సారాకూ పరిమితమయిందో లేక నీళ్ళకూ వాడుతున్నారో చూడండి.

రెండవది, స్టీలు బిందెల మీద, చెంబుల మీద ఉన్న పేర్లను, తేదీలను, లిపిని యథాతథంగా నకలు చేయండి. రంగు పూత వేసిన నేటి సీసాల మీద ఈ రాతలు తగ్గాయి గనుక ఆ సామాను పాత ఇనుముకు పోకముందే ఈ పని జరగాలి. మూడవది, మీ ఊళ్ళో వేసవి చలివేంద్రం ఎక్కడ ఉండేది, ఎవరు పెట్టేవారు, అక్కడ అందరికీ ఒకే గ్లాసు ఉండేదా అన్నవి పెద్దవారిని అడిగి తెలుసుకోండి. మూడవ ప్రశ్నలోని చివరి భాగానికి జవాబు చెప్పడానికి కొందరు ఇష్టపడకపోవచ్చు. ఆ మౌనాన్ని కూడా తేదీతో సహా రాసుకోవాలి.